మోటారు ఆగితే ముందు ఎక్కడ చూడాలి?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్సుమెంటు గురించి, ఏటేటా మనం బ్రతికే ఉన్నామని రుజువు చేసుకోవలసిన సర్టిఫికెట్టు గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. "మీకు తెలిసిన విషయం ఏదైనా, నలుగురికీ పనికొచ్చేది చెప్పండి" అని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నాకు తెలిసినవి రెండే. ఒకటి ఫైలు, రెండోది పడవ మోటారు. ఈ రెండింటికీ సంబంధం ఉందని రిటైరయ్యాకే నాకు బోధపడింది.

నేను పనిచేసింది మత్స్యశాఖ కార్యాలయంలో, గుమాస్తాగా. పడవలకు మోటార్లు బిగించుకునేవారి సబ్సిడీ దరఖాస్తులు నా సీటుకే వచ్చేవి. మోటారు అంటే అప్పట్లో నాకు గుర్రపు శక్తి ఎంత, ఇన్వాయిసు ఎంత, సబ్సిడీ ఎంత, ఇంతే. రిటైరయ్యాక ఉప్పాడ తీరంలో మా మేనల్లుడి షెడ్డులో రోజూ సాయంత్రం కూర్చోవడం అలవాటైంది. అక్కడ స్పానర్లు అందిస్తూ అందిస్తూ కాస్త పని నేర్చుకున్నాను. నేను మెకానిక్కును కాను. మెకానిక్కు వచ్చేలోపల ఇంట్లోవాళ్ళు ఏం చూసుకోవచ్చో, ఏం ముట్టుకోకూడదో అంతవరకే చెబుతాను.

ఇది మనకెందుకు అనుకోవద్దు. గ్రాట్యుటీ సొమ్ములో కొంత పిల్లవాడి పడవకో, అల్లుడి పడవకో పెట్టినవారు ఈ హాల్లోనే ఉన్నారు. వేకువన పడవ వెళ్ళిందంటే అది తిరిగి గట్టు చేరేదాకా ఆ ఇంట్లో ఎవరికీ మనసు మనసులో ఉండదు. రోడ్డు మీద స్కూటరు ఆగితే తోసుకుంటూ ఇంటికి రావచ్చు. సముద్రం మీద మోటారు ఆగితే పడవ మన చేతిలో ఉండదు, గాలి చేతిలోకీ ప్రవాహం చేతిలోకీ పోతుంది. మొగ దగ్గర, అలలు విరిగేచోట ఆగితే పడవ అడ్డం తిరిగి బోల్తా పడే ప్రమాదం ఉంది. కనుక ఇది డబ్బుతో పోయే విషయం కాదు, ప్రాణాలతో ముడిపడినది.

నేను చెప్పేది పడవ వెనక తగిలించే మోటారు గురించి, అంటే అవుట్‌బోర్డు మోటారు. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ అనే ఆయన 1909లో దీన్ని వ్యాపారంగా అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన పేరుతో వచ్చిన మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. ఇప్పుడు కొత్తగా వచ్చేవాటిలో ఫోర్ స్ట్రోక్ ఎక్కువ. అయినా పాత టూ స్ట్రోక్ మోటార్లు మన తీరంలో ఇంకా పని చేస్తూనే ఉన్నాయి. మనలాగే వయసు మళ్ళినవి. సరిగ్గా చూసుకుంటే ఇంకా సర్వీసు ఇస్తాయి.

పాత మోటారు ఆగిందంటే ఎక్కువసార్లు దానికి పెట్రోలు సరిగా అందకపోవడమే కారణం. ఆ పెట్రోలు వచ్చే దారి చాలా చిన్నది. ట్యాంకులో బయలుదేరుతుంది. గొట్టంలోకి వస్తుంది. గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు ఉంటుంది. తరువాత ఫిల్టరు, ఆ తరువాత మోటారుకే అమర్చిన చిన్న పంపు, చివరికి కార్బురేటరు. అక్కడ గాలితో కలిసి లోపలికి పోతుంది.

మన ఆఫీసులో ఫైలు కదలకపోతే ఏం చేసేవాళ్ళం? తిన్నగా కలెక్టరుగారి గదిలోకి వెళ్ళి బీరువా తెరిచేవాళ్ళమా? ఇన్‌వర్డు రిజిస్టరు దగ్గర మొదలుపెట్టి, ఏ సీటు దాటింది, ఏ సీటులో ఆగింది అని వరసగా చూసేవాళ్ళం. మోటారు దగ్గరా అంతే. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి మోటారు వైపు నడవాలి. కాని ఆత్రంలో చాలామంది ముందుగా విప్పేది కార్బురేటరునే. అది ఆఖరి సీటు. నేను ఈ రోజు చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే: ఆఖరి సీటు ముందు తెరవకండి.

మొదట, అసలు తగాదా పెట్రోలుదేనా అని తేల్చుకోవాలి. ఆపే స్విచ్చుకు తగిలించే తాడు క్లిప్పు ఊడిందేమో, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడాలి. అవి సరిగా ఉండి, పదిసార్లు తాడు లాగినా మోటారు అందుకోకపోతే ప్లగ్గు విప్పి చూడాలి. ప్లగ్గు మొన పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదని అర్థం. తడిగా, వాసన కొడుతూ ఉంటే పెట్రోలు వస్తోంది. ఎక్కువై మునిగిందో, నిప్పురవ్వ లేదో, పెట్రోలులో నీళ్ళున్నాయో. ఈ ఒక్క పరీక్ష సగం పని తగ్గిస్తుంది.

ప్లగ్గు పొడిగా ఉందనుకుందాం. ఇక ట్యాంకు దగ్గరికి రండి. ట్యాంకు మూత మీద గాలి పోవడానికి చిన్న మర ఉంటుంది. బండి మీద తెచ్చేటప్పుడు పెట్రోలు ఒలకకుండా దాన్ని బిగిస్తారు. పడవలో పెట్టాక విప్పడం మరిచిపోతారు. పెట్రోలు తగ్గుతున్నకొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. రాకపోతే పంపు ఎంత లాగినా పెట్రోలు కదలదు. దీని లక్షణం ఏమిటంటే మోటారు బాగానే మొదలవుతుంది, కొంత దూరం పోయాక నీరసించి ఆగుతుంది. మూత విప్పితే ఉస్సుమని గాలి లోపలికి పోతుంది. అప్పుడు మళ్ళీ నడుస్తుంది. మందు లేదు, మాకు లేదు, మర విప్పడమే వైద్యం.

రెండోది గొట్టం. ట్యాంకు దగ్గరా మోటారు దగ్గరా టక్కున తగిలించే కనెక్టర్లు ఉంటాయి. వాటిలో చిన్న రబ్బరు రింగు ఉంటుంది. అది అరిగినా, పగిలినా పెట్రోలు బయటికి కారకపోవచ్చు, కాని గాలి లోపలికి దూరుతుంది. మనం స్ట్రాతో కొబ్బరి నీళ్ళు తాగేటప్పుడు స్ట్రాకు చిల్లు ఉంటే నీళ్ళకు బదులు గాలి వస్తుంది చూడండి, అదే సంగతి. గొట్టం మీద ఎవరైనా కాలు పెట్టారేమో, ఐస్ పెట్టె కింద నలిగిందేమో కూడా చూడాలి.

మూడోది రబ్బరు బల్బు. డాక్టరుకు నాడి ఎలాగో మనకు ఇది అలాగ. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, అది మోటారు వైపు చూడాలి. బాణం పైకి ఉండేటట్టు బల్బును నిలబెట్టి నొక్కాలి. నాలుగైదు నొక్కులకు, గొట్టం పూర్తిగా ఖాళీ అయివుంటే ఇంకొన్ని నొక్కులకు, అది గట్టిపడాలి. అప్పుడు అది చెప్పేది వినండి.

ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి దూరుతోంది, లేదా బల్బు లోపలి కవాటం పాడైంది, లేదా కార్బురేటరులో సూది మూసుకోక పెట్రోలు పొంగి కారుతోంది. మోటారు కింద పెట్రోలు చుక్కలు కనిపిస్తే చివరిది అనుకోవాలి.

బల్బు నొక్కుకుపోయి, చప్పిడి బుగ్గలా లోపలికి అతుక్కుపోయి ఉంటే అడ్డం బల్బుకు వెనక ఉంది. ట్యాంకు మర గాని, ట్యాంకు లోపలి జల్లెడ గాని చూడండి.

మోటారు ఆగబోతున్నప్పుడు ఒకరు బల్బు నొక్కుతూ ఉంటే నడిచి, మానేస్తే ఆగిపోతోందా? బల్బు నుంచి ముందుకు దారి బాగానే ఉందన్నమాట. మోటారు పంపు తనంతట తాను లాగలేకపోతోంది, లేదా వెనక గాలి దూరుతోంది. ఈ ఉపాయంతోనే నెమ్మదిగా గట్టుకు చేరినవారు ఉన్నారు.

బల్బు రాయిలా గట్టిగా ఉండి కూడా ప్లగ్గు పొడిగానే ఉంటే అడ్డం బల్బు దాటాక ఉంది. అప్పుడు నాలుగో సీటు, ఫిల్టరు. గాజు గిన్నెలాంటిది ఉంటే అడుగున నీటి బుడగలు, ఎర్రటి మడ్డి కనిపిస్తాయి. నీళ్ళ అనుమానం ఉంటే ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి తీసి కదపకుండా ఉంచండి. నీళ్ళు అడుగున వేరే పొరగా తేరుకుంటాయి.

అయిదోది పంపు. దీనిలో డయాఫ్రం అనే పల్చని పొర ఉంటుంది. టూ స్ట్రోక్ మోటారు లోపల పిస్టను కదలికకు పుట్టే ఒత్తిడితోనే అది కొట్టుకుంటూ పెట్రోలును తోస్తుంది. ఏళ్ళ తరబడి ఆ పొర బిగుసుకుపోతుంది, ఒక్కోసారి చిరుగుతుంది. చిరిగితే పెట్రోలు పక్కదారిన మోటారులోకి పోయి పొగ ఎక్కువవుతుంది. దీనికి రిపేరు కిట్టు దొరుకుతుంది. పంపు మొత్తం మార్చనక్కర లేదు.

ఇవన్నీ దాటాకే కార్బురేటరు. నిలకడగా నెమ్మదిగా తిరగక ఆగిపోతూ, వేగం మీద మాత్రం బాగా నడిస్తే లోపలి చిన్న జెట్టు మూసుకుంది. నెమ్మదిగా బాగా తిరిగి, వేగం పెంచితే నీరసిస్తే పెద్ద జెట్టు గాని, అంతకు ముందున్న ఫిల్టరు, పంపు గాని అనుమానించాలి. ఇంకో చిన్న పరీక్ష ఉంది. నీరసిస్తున్న మోటారుకు చోక్ సగం లాగి చూడండి. కాస్త పుంజుకుంటే దానికి పెట్రోలు చాలడం లేదు. ఇంకా దిగజారితే కారణం వేరే. జెట్టును గుండుసూదితో గాని, ఇనుప తీగతో గాని పొడవకండి. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా లెక్క తప్పుతుంది. ద్రావకంలో నానబెట్టి గాలితో ఊదించాలి. ఆ పని గట్టు మీద, మెకానిక్కు చేత చేయించాలి.

2016లో, సంక్రాంతికి ముందు, మా మేనల్లుడికి తెలిసిన కుర్రవాళ్ళ పడవ ఒకటి సముద్రం మీద ఆగింది. నలుగురున్నారు. పడవ ఊగుతూ ఉండగానే కార్బురేటరు విప్పారు. ఒక స్క్రూ చేయి జారి నీళ్ళలో పడింది. ఇక అది బిగియదు. చీకటి పడింది. చలిగాలి. తాగే నీళ్ళు ఒక్క సీసా మిగిలింది. అదృష్టం కొద్దీ వేరే పడవవాళ్ళు లైటు చూసి తాడు వేసి లాక్కొచ్చారు. వీళ్ళ తల్లులు తెల్లవార్లూ ఇసుకలో కూర్చునే ఉన్నారు. గట్టుకు వచ్చాక ఒక ముసలి సరంగు ట్యాంకు మీద చేయి వేసి, "గాలి మర బిగించే ఉంది గదరా" అన్నాడు. నడవగలిగిన మోటారునే వాళ్ళు నడవకుండా చేసుకున్నారు. ఆఖరి సీటు ముందు తెరవవద్దని నేను అనడం ఇందుకే.

గట్టు మీద కూడా ఈ వరస తప్పితే నష్టమే. మన సభ్యులొకరు పట్నంలో ఒక షెడ్డుకు మోటారు తీసుకుపోతే కార్బురేటరు మొత్తం మార్చి పెద్ద బిల్లు ఇచ్చారు. ఆయనకు అది నెల పెన్షనులో సగం. రెండో రోజు మోటారు మళ్ళీ ఆగింది. చివరికి కనెక్టరులోని రబ్బరు రింగు మారిస్తే కుదిరింది. మెకానిక్కు దగ్గరికి వెళ్ళేటప్పుడు ట్యాంకు, గొట్టం కూడా వెంట తీసుకువెళ్ళండి. ఏం చూశారో, బల్బు ఎలా ఉందో కాగితం మీద రాసి ఇవ్వండి. నోటు ఫైలు రాసిన చేతులు మనవి, ఆ మాత్రం రాయలేమా?

ఇప్పుడు ముఖ్యమైన హెచ్చరిక. పాత టూ స్ట్రోక్ మోటారుకు ఆయిలు పెట్రోలులోనే కలిపి పోస్తారు. 50కి 1 అని కంపెనీ పుస్తకంలో ఉంటే లీటరుకు 20 మి.లీ., పది లీటర్లకు 200 మి.లీ. 25కి 1 అయితే లీటరుకు 40. ఏది వర్తిస్తుందో ఆ మోటారు పుస్తకం చూసే కలపాలి. ఆయిలు పెట్రోలుతో కలిసే వస్తుంది గనుక పెట్రోలు తక్కువైతే ఆయిలు కూడా తక్కువవుతుంది. మోటారు వేడెక్కి పిస్టను పట్టేస్తుంది. కాబట్టి ఆగి ఆగి నడుస్తున్న మోటారును "ఎలాగో లాగిద్దాం" అని పూర్తి వేగంతో తోలకండి. వేగం తగ్గించి ఇంటి దారి పట్టండి. పది రూపాయల రింగుతో పోయేది మోటారు ప్రాణం దాకా వస్తుంది.

ఇంకొకటి, ఇప్పటి పెట్రోలు మన కాలపు పెట్రోలు కాదు. దీనిలో ఇథనాల్ కలుపుతున్నారు. 2022 నాటికి నూటికి 10 పాళ్ళు, 2025 నాటికి 20 పాళ్ళు అయింది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. సముద్రపు గాలిలో, సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ చేరుతుంది. నీరు ఒక పాలు మించితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. గొట్టం పీల్చేది అడుగు నుంచే. పైగా పాతకాలపు గొట్టాలు, రింగులు, డయాఫ్రంలు ఈ మిశ్రమానికి తయారు చేసినవి కావు. రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. గొట్టం పైకి బాగానే కనిపిస్తూ లోపల పొర ఊడి అడ్డం పడవచ్చు. కనుక పాత మోటారుకు ఇథనాల్ పెట్రోలుకు తట్టుకునే కొత్త గొట్టం, బల్బు వేయించండి. పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచకండి. వారానికి సరిపడా కొనుక్కోండి.

నిలవ అంటే వేట నిషేధం గుర్తుకు వస్తుంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు పడవలు వేటకు పోరాదు. 2015కు ముందు అది 47 రోజులే. ఈ రెండు నెలల ఎండలో కార్బురేటరులో మిగిలిన పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. జూన్ 15న అందరూ ఒక్కసారే బయలుదేరతారు, సగం మోటార్లు దగ్గుతాయి, మెకానిక్కు దొరకడు. అందుకని నిషేధం మొదలయ్యే రోజునే మోటారును నీళ్ళ పీపాలో దించి నడిపించి, గొట్టం ఊడదీసి, కార్బురేటరులోని పెట్రోలు అయిపోయి తనంతట ఆగేదాకా ఉండండి. మోటారు తనంతట ఆగుతుండగా దగ్గర ఉండి చూడండి, ఎక్కువ వేగం పెట్టకండి. కార్బురేటరు అడుగు మర విప్పి మిగిలిన చుక్కలు డబ్బాలోకి దించండి. ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టండి. నీళ్ళు లేకుండా మోటారును ఎప్పుడూ నడపకండి, చల్లబరిచే పంపు రబ్బరు కాలిపోతుంది. తీసిన పెట్రోలు ఇసుకలోనూ, నీళ్ళలోనూ పారబోయకండి.

ఈ పనులన్నీ ఆరుబయట చేయాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగునే పేరుకుంటుంది. ట్యాంకు గట్టు మీదికి దించి నింపాలి. బీడీ, సిగరెట్టు ఆ ఛాయలకు రాకూడదు. పడవలో ఎవరికైనా ఆ అలవాటు ఉంటే చెప్పవలసింది పెద్దవాళ్ళమైన మనమే.

పడవ ఎక్కకపోయినా మనం చేయగల పని ఒకటుంది. కుర్రవాడు వేకువన బయలుదేరేటప్పుడు గుమ్మంలో నిలబడి అయిదు ప్రశ్నలు అడగండి. గాలి మర విప్పుతావా? బల్బు గట్టిపడుతోందా? అదనపు ప్లగ్గు, ప్లగ్గు స్పానరు, ఫిల్టరు, గొట్టం బల్బుతో సహా ఒక సెట్టు సంచిలో ఉన్నాయా? తెడ్లు, లంగరు, తాగే నీళ్ళు, అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా? ఫోను ఛార్జింగుతో, తడవని కవరులో ఉందా? సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళం నెంబరు 1554. ఫోను సిగ్నలు తీరానికి దూరంగా అందదు గనుక ఏ వైపు పోతున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళాలి. మోటారు ఆగితే ముందు లంగరు వేయాలి, తరువాతే స్పానరు తీయాలి. లోతు ఎక్కువై లంగరు నేలకు అందకపోయినా తాడు చివర బరువు కట్టి ముందు భాగం నుంచి వదిలితే పడవ అలలకు ఎదురుగా నిలవడానికి కొంత తోడ్పడుతుంది.

"ఈ ముసలాయనకు చాదస్తం" అని వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. నవ్వుతూనే మర విప్పుకుంటారు. మన చాదస్తం వల్ల ఒక్క పడవ వేళకు గట్టు చేరినా అది మనం ఇచ్చిన సర్వీసు కిందే లెక్క.

ఇచ్చిన సమయం అయిపోయిందని కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.